తాతయ్య ట్రంకుపెట్టెలో నక్షత్రం బిళ్ల

ప్రశ్న: అయ్యా, మాది పొన్నూరు దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెల మా తాతయ్య శతజయంతి ఊళ్లో జరుపుతున్నాం. రామాలయం పక్కన షామియానా వేసి, నలుగురం మాట్లాడాక మధ్యాహ్నం భోజనాలు. పెద్ద మనవణ్ణి కాబట్టి నన్నూ పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏదైనా దొరుకుతుందేమోనని ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున మూడు వస్తువులు కనిపించాయి. స్వతంత్ర పార్టీ సభ్యత్వ రసీదు ఒకటి. ఆ పార్టీ గుర్తు నక్షత్రం ఉన్న రేకు బిళ్ల ఒకటి. మూడోది 1965లో ఆయన చెల్లెలి పెళ్లికి పంచదార పర్మిట్ కోసం పెట్టుకున్న అర్జీ. యాభై కిలోలు అడిగితే పది కిలోలు ఇచ్చినట్టు ఎర్ర సిరాతో రాసి ఉంది.

పార్టీ సంగతి ఎత్తొద్దని బాబాయి అంటున్నాడు. "స్వాతంత్ర్యం కోసం తిరిగాడు, వ్యవసాయం చేశాడు అని చెప్పి దిగిపో" అంటాడు. మా బావమరిది వాళ్లది మూడు తరాల కమ్యూనిస్టు ఇల్లు. "జమీందార్లూ టాటా బిర్లాలూ పెట్టిన పార్టీలో మీ తాత తిరిగాడని మైకులో చెప్పుకుంటావా?" అని నవ్వాడు. ఊళ్లో సగం ఇళ్లు పాత కాంగ్రెస్ వాళ్లవి. అసలు ఆ పార్టీకి కాంగ్రెస్‌తో ఉన్న తగాదా ఏమిటి? డబ్బు విషయంలో వాళ్లు చెప్పింది నిజమైందా? ఈ సంగతి నేను మాట్లాడాలా, వద్దా? మాట్లాడితే ఎలా మాట్లాడాలి?

జవాబు: మాట్లాడండి. పెట్టె అడుగున అరవై ఏళ్లు దాచుకున్న మనిషికి అది చిన్న సంగతి అయ్యుండదు. నేనూ ఆ వైపు మొగ్గేవాణ్నేనని ముందే చెబుతున్నాను. కాబట్టి నా మాటల్లో కాస్త ఉప్పు ఎక్కువైతే మీరే సరిచూసుకోండి.

మీ బావమరిది మాటతోనే మొదలుపెడదాం. అందులో సగం నిజం ఉంది, దాన్ని ముందే ఒప్పేసుకుంటే మిగతాది తేలిక. స్వతంత్ర పార్టీలో రాజులున్నారు. జైపూర్‌లో గాయత్రీదేవి, బీహార్‌లో రామ్‌గఢ్ రాజా, ఒరిస్సాలో సింగ్‌దేవ్ ఉన్నారు. బొంబాయి నుంచి హోమీ మోదీ లాంటి పరిశ్రమల పెద్దలున్నారు. కానీ ఆయన నవ్వు కృష్ణా దాటి ఇవతలికి వస్తే చెల్లదు. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు ఎన్.జి. రంగా. మీ ఊరికి కూతవేటు దూరంలో ఉన్న నిడుబ్రోలు ఆయనది. 1930ల్లో జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టి, ఊళ్లో రైతాంగ విద్యాలయం పెట్టి, పిల్లలకు ఉద్యమ పాఠాలు చెప్పిన మనిషి. శ్రీకాకుళం వైపు ఆ పార్టీకి పెద్ద దిక్కు గౌతు లచ్చన్న. కల్లుగీత కుటుంబంలో పుట్టి, గీత కార్మికుల కోసం మద్యనిషేధానికి ఎదురు నిలబడి, 1954లో ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోవడానికి కారకుడైనవాడు. వీళ్లిద్దరినీ జమీందార్ల మనుషులంటే నిడుబ్రోలులోనూ నవ్వుతారు, సోంపేటలోనూ నవ్వుతారు. పదెకరాలు, పాతికెకరాలు ఉన్న రైతులు, తమ పొలం పోతుందన్న భయంతో ఆ పార్టీ చుట్టూ చేరిన మాట మాత్రం నిజం. మీ తాతయ్యకు ఎన్నెకరాలుండేవో మీకు తెలుసు, నాకు తెలియదు. అది దాచకండి.

తగాదా ఎక్కడ మొదలైందంటే, 1955 జనవరిలో మద్రాసు పక్కనున్న ఆవడిలో కాంగ్రెస్ మహాసభ 'సోషలిస్టు తరహా సమాజం' మన గమ్యం అని తీర్మానించింది. 1959 జనవరిలో నాగపూర్ మహాసభ ఇంకో అడుగు వేసి, సహకార ఉమ్మడి వ్యవసాయం కావాలంది. పల్లెల్లో ఆ తీర్మానం ఎవరూ చదవలేదు. గట్లు చెరిపేస్తారట అన్న మాట మాత్రం కాలవ గట్టున నడిచింది. సొంత పొలం గట్టు మీద నిమ్మచెట్టు పెంచుకున్నవాడికి ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాంగ్రెస్ లోపలే ఉత్తరప్రదేశ్ నాయకుడు చరణ్ సింగ్ ఎదురు తిరిగారు. అప్పుడు కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా ఉన్న రంగా గారు బయటికి వచ్చేశారు. జూన్‌లో మద్రాసులో పాత కాంగ్రెస్ పెద్ద, ఎనభై ఏళ్ల రాజాజీ కొత్త పార్టీ ప్రకటించారు, ఆగస్టులో బొంబాయిలో మహాసభ పెట్టారు. మీ రసీదు మీద తేదీ చూడండి. 1959ది అయితే మీ తాతయ్య మొదటి బ్యాచ్ వాడన్నమాట.

ఇక్కడో మాట. గట్లు చెరగలేదు. బలవంతం ఉండదని నెహ్రూ హామీ ఇచ్చారు, ఆ తీర్మానం కాగితం మీదే చల్లారిపోయింది. "మా వాళ్లు అడ్డం పడకపోతే పొలాలు పోయేవి" అని మైకులో అంటే సభలో ఎవరైనా లేచి, ఎవరి పొలం పోయిందో చెప్పమంటారు. ఆ వాదన వదిలేయండి. గట్టి వాదన వేరే ఉంది, అది డబ్బుది.

రెండో పంచవర్ష ప్రణాళిక 1956లో మొదలైంది. ప్రభుత్వ రంగంలో 4,800 కోట్ల ఖర్చు. అందులో 1,200 కోట్లు లోటు బడ్జెట్టుతో, అంటే మన భాషలో నోటు కొట్టి, సమకూర్చుకుంటామన్నారు. మరో 800 కోట్లు బయటి దేశాల నుంచి వస్తాయనుకున్నారు. ఇంకో 400 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయో ప్రణాళికలోనే ఖాళీ వదిలేశారు. ప్రణాళిక మీద సలహాకు పిలిచిన ఆర్థికవేత్తల బృందంలో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే, ఇంత లోటుతో ఇంత ఖర్చు పెడితే ధరలు లేస్తాయి, విదేశీ మారకం హరించుకుపోతుంది అని విడిగా అసమ్మతి పత్రం రాసిచ్చారు. అది 1955. యుద్ధకాలంలో బ్రిటన్ మనకు బాకీపడ్డ స్టెర్లింగ్ నిల్వలు, అంటే పౌండ్ల సొమ్ము, ఇంట్లో పాత ధాన్యంలా ఉండేవి. 1957 కల్లా గాదె అడుగు కనబడింది. 1958లో ప్రపంచబ్యాంకు అప్పులిచ్చే దేశాలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెడితే ప్రణాళిక గట్టెక్కింది. అప్పు చేసి పప్పుకూడు తినడం మన సామెతల్లో ఉన్నదే. వీళ్లు పప్పుకు బదులు ఉక్కు వండారు. ఉక్కు అవసరమే. భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ కట్టొద్దని నేననను. అదే ఏడాది ఇంకెన్ని పొయ్యిలు వెలిగించాలన్న లెక్క ఎవరూ వేయలేదన్నదే షెనాయ్ బాధ.

ఇంతలో ముంద్రా వ్యవహారం. మీ సభలో చెప్పదగ్గ కథ ఇది, ఎందుకంటే ఇందులో మీ ఊరి వాళ్ల డబ్బు కూడా ఉండి ఉంటుంది. 1956లో ప్రభుత్వం దేశంలో ఉన్న 245 బీమా సంస్థల్ని కలిపేసి ఎల్‌ఐసీ పెట్టింది. ప్రైవేటు కంపెనీలు పాలసీదారుల సొమ్ము ఇష్టమొచ్చినట్టు వాడుతున్నాయి, మేమైతే భద్రంగా చూస్తాం అన్నది కారణం. ఏడాది తిరిగేసరికి, 1957లో, అదే ఎల్‌ఐసీ హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారి కంపెనీల వాటాలు సుమారు కోటీ 24 లక్షలు పెట్టి కొన్నది. పెట్టుబడి సంఘాన్ని అడగకుండా కొన్నది. ఆ కంపెనీలు అప్పటికే లొడలొడలాడుతున్నాయి. కంచే చేను మేసిందన్నమాట. డిసెంబరులో లోక్‌సభలో దీన్ని బయటపెట్టింది ప్రతిపక్షం వాడు కాదు. ఫిరోజ్ గాంధీ, కాంగ్రెస్ సభ్యుడు, స్వయానా ప్రధాని అల్లుడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేస్తే, ఆయన జనం మధ్య బహిరంగంగా విచారించి సుమారు నెల రోజుల్లో నివేదిక ఇచ్చేశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆయనే 1963లో మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు, అది వేరే కథ. సొంత పార్టీ ఎంపీ లేచి అడగడం, నెల్లో తేల్చడం, మంత్రి దిగిపోవడం... ఈ మూడూ తలచుకున్నప్పుడల్లా ఆ రోజుల కాంగ్రెస్ మీద నాకు కోపం సగం తగ్గుతుంది. ఆ తర్వాత ఏ పార్టీ పాలనలో ఇలా జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టమంటే బొటనవేలు దాటదు.

ఇప్పుడు మీ పంచదార అర్జీకి వస్తాను. మీరు దాన్ని మూడో వస్తువుగా రాశారు. నన్నడిగితే మొదటిది అదే.

ఆ కాగితం ఒకసారి జాగ్రత్తగా చూడండి. శుభలేఖ జతచేసి ఉంటుంది, లేదా పిన్ను గుచ్చిన చిల్లయినా ఉంటుంది. పెళ్లికి పంచదార కావాలంటే పెళ్లి నిజమేనని సర్కారుకు రుజువు చూపాలి. కరణం సంతకం, ఎంతమంది వస్తారన్న లెక్క, అన్నీ పెట్టి తాలూకాఫీసుకు వెళ్లాలి. యాభై అడిగితే పది రావడం ఆనవాయితీ. మిగతా నలభై ఎక్కడ దొరుకుతుందో ఊరందరికీ తెలుసు, ధర మాత్రమే వేరు. మా ఇంట్లో ఇలాంటిదే సిమెంటుతో జరిగింది. 1970ల్లో మా నాన్న రెండు గదుల మీద శ్లాబు వేద్దామని సిమెంటు పర్మిట్‌కు తిరిగాడు. ఏ ఊరో, ఏ ఆఫీసో వద్దులెండి. నేను సైకిల్ వెనక కూర్చుని వెళ్లేవాణ్ని. పదకొండోసారి వెళ్లినప్పుడు గుమాస్తా తల ఎత్తకుండా, "ఫలానాయన దగ్గర చీటీ తెచ్చుకోకపోయారా?" అన్నాడు. ఆ ఫలానాయన ఉద్యోగి కాదు, మంత్రి కాదు, ఎన్నికల్లో నిలబడ్డవాడూ కాదు. పాలక పార్టీకి మా ఊళ్లో ఓట్లు చూసేవాడు. మా నాన్న చీటీ తెచ్చాడు. బస్తాలొచ్చాయి. ఆ తర్వాత రెండు ఎన్నికల్లో మా ఇంట్లో ఎవరు ఎవరికి ఓటేయాలో వేరే చర్చ లేకపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు, మధ్యలో ధర్మకర్త చీటీ కావాలి.

రాజాజీ 'పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం' అన్నది దీన్నే. ఆ మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఆర్థికశాస్త్రం పేజీలో వస్తుంది. అది రాజకీయశాస్త్రం పేజీలో రావాల్సిన మాట. సరుకు కొరతతో వస్తువు ధర పెరిగితే అది ఆర్థిక సమస్య. సరుకు అందాలంటే పార్టీ మనిషి చీటీ కావాల్సొస్తే, ఆ పార్టీని ఓడించాలన్న ఆలోచనకే కాళ్లు పడిపోతాయి. డబ్బు దగ్గర చేసిన తప్పూ, రాజకీయంలో చేసిన తప్పూ వేరువేరు కావని, అవి ఒకే తాడుకు రెండు కొసలని స్వతంత్ర పార్టీ చెప్పింది. ఆ పార్టీ చెప్పినవాటిలో ఈనాటికీ చెక్కుచెదరనిది, నా లెక్కలో, ఇదొక్కటే. మీ పది నిమిషాల్లో మరేమీ చెప్పకపోయినా ఇది చెప్పండి.

రాజాజీకి ఇది కొత్తగా తట్టిన సంగతి కాదు. 1952లో ఆయన ఉమ్మడి మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, అదీ కాంగ్రెస్ తరఫునే, ఆహారధాన్యాల మీద కంట్రోళ్లు ఎత్తేశారు. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. ఊళ్లో ఎనభై దాటిన వాళ్లెవరైనా ఉంటే, 'రాజాజీ కంట్రోలు తీసేసిన ఏడు' గుర్తుందేమో అడిగి చూడండి. 1960ల నడుమ మళ్లీ కథ మొదటికొచ్చింది. ఒక రాష్ట్రం బియ్యం మరో రాష్ట్రానికి పోకుండా జోన్లు, మిల్లుల మీద లెవీ, అంటే సర్కారుకు తప్పనిసరిగా అమ్మాల్సిన వాటా, దారిలో చెక్‌పోస్టులు. పక్క రాష్ట్రంలో బియ్యం లేక గగ్గోలు, ఇక్కడ కళ్లంలో ధాన్యానికి ధర లేక రైతు గగ్గోలు. రెండింటి మధ్య చెక్‌పోస్టు వాడి ఇల్లు మేడయింది.

పైస్థాయిలో ఇదే ఆట పెద్ద పాచికలతో నడిచింది. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాలి. పెద్ద వ్యాపారుల్ని అదుపులో పెట్టడానికి, చిన్నవాళ్లకు చోటివ్వడానికి ఇది అన్నారు. 1967లో ప్రభుత్వమే నియమించిన ఆర్థికవేత్త హజారీ గారు లెక్క తీస్తే, లైసెన్సులు ఎక్కువగా మూటగట్టుకున్నది బిర్లాల్లాంటి పెద్ద ఇళ్లేనని తేలింది. కొన్నిటిని వాడనే లేదు. ఇంకొకడికి దక్కకుండా ఉంటే చాలు. మీ బావమరిది టాటా బిర్లాల పేరెత్తినప్పుడు ఆయనకు ఈ ముక్క చెప్పండి. ఆయనకు కోపం రాదు. కమ్యూనిస్టులకు కూడా ఆ నివేదిక ఇష్టమే, వాళ్ల కారణాలు వాళ్లవి.

ఇక విరాళాలు. ముంద్రా విచారణ చేసిన చాగ్లాయే 1957లో టాటా ఉక్కు కంపెనీ కేసు ఒకటి విన్నారు. పార్టీలకు చందా ఇచ్చేలా కంపెనీ నిబంధనలు మార్చుకోవచ్చా అన్నది ప్రశ్న. చట్టం అడ్డు చెప్పడం లేదు కాబట్టి సరేనన్నారు. కానీ ఇది ప్రజాస్వామ్యాన్ని ముంచేంత ప్రమాదం, పార్లమెంటు చూసుకోవాలి అని హెచ్చరించారు. పార్లమెంటు చూసుకుంది, తన పద్ధతిలో. 1967లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 సీట్లు గెలిచి పెద్ద ప్రతిపక్షమైంది, మన అసెంబ్లీలో 29 వచ్చాయి. కంపెనీల చందాలు అటూ పోతున్నాయి. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీ విరాళాల్ని నిషేధించింది. వినడానికి ఎంతో బాగుంది కదా! చెక్కు రాయకూడదన్నారు గానీ లైసెన్సు మాత్రం తీసేయలేదు. లైసెన్సు ఉన్నంతకాలం దాని వెల ఉంటుంది. చెక్కులో పోయేది సూట్‌కేసులో పోవడం మొదలైంది. సూట్‌కేసు ఎప్పుడూ అధికారంలో ఉన్నవాడి ఇంటికే పోతుంది, ప్రతిపక్షం గడప తొక్కదు. 1985 దాకా ఆ నిషేధం అలాగే ఉంది. మన ఎన్నికల్లో నల్లడబ్బు గురించి మాట్లాడేవాళ్లు ఈ పదహారేళ్లను దాటేసి మాట్లాడతారు, ఎందుకో.

బంగారం సంగతి ఒక్క మాటలో. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లు మించిన నగలు చేయకూడదన్నారు. 14 క్యారెట్ల పుస్తెలు ఏ అత్తగారు ఒప్పుకుంటుంది? కంసాలి ఇళ్లలో కుంపట్లు ఆరిపోయాయి, దేశంలో ఆత్మహత్యలు జరిగాయి. మూడేళ్లకు ఆ నిబంధన సడలించారు. అప్పటికి కుర్రాళ్లు వేరే పనుల్లోకి పోయారు. మీ ఊళ్లో కంసాలి వీధి ఉంటే అక్కడి పెద్దల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. మీ తాతయ్య కథ వాళ్లకు అందరికంటే బాగా అర్థమవుతుంది.

1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 ఉండేది 7.50 అయింది. ఆ ఏడే అమెరికా గోధుమ కోటి టన్నుల దాకా దిగింది. ఓడ వస్తేనే పొయ్యి వెలిగేది. ఐదేళ్ల ప్రణాళికకు మూడేళ్లు సెలవిచ్చారు. ఇక్కడ మీరు న్యాయంగా ఉండాలి. రెండు యుద్ధాలు, వరసగా రెండేళ్ల కరువు కాంగ్రెస్ తెచ్చిపెట్టినవి కావు. పైగా ఆ తర్వాత వచ్చిన హరితవిప్లవం సర్కారు విత్తనంతో, సర్కారు ధరతో, సర్కారు గోదాములతో వచ్చింది. దానికి రథసారథి సి. సుబ్రహ్మణ్యం, కాంగ్రెస్ మంత్రి. మీ పొలానికి నీళ్లు ఎవరు కట్టిన కాలవల్లోంచి వస్తున్నాయో సభలో అందరికీ తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. సర్కారు అంటేనే చెడ్డదన్న వాదన కృష్ణా డెల్టాలో నిలబడి చెప్పకూడదు. కాటన్ దొర విగ్రహానికి దండలు వేసే ప్రాంతం మనది.

మరి ఇంత సరిగ్గా చెప్పిన పార్టీ 1971లో 44 నుంచి 8కి ఎలా పడిపోయింది? ఈ ప్రశ్న మీ బావమరిది తప్పకుండా వేస్తాడు. ఎదుటివాళ్లు 'గరీబీ హటావో' అన్నారు. వీళ్లు ఇంకో మూడు పార్టీలతో కలిసి 'ఇందిరా హటావో' అన్నారు. భూమి లేనివాడికి, పర్మిట్‌కు అర్జీ పెట్టేంత పెళ్లి కూడా చేయలేనివాడికి స్వతంత్ర పార్టీ దగ్గర చెప్పడానికి మాటే లేదు. గట్టు ఉన్నవాడి గట్టును కాపాడతామంది. గట్టే లేనివాడు ఏం చేయాలి? 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు స్వతంత్ర పార్టీ నాయకుడు మినూ మసానీ గట్టిగా వ్యతిరేకించారు. అప్పులు పార్టీ చీటీల మీద పోతాయన్నారు, చాలాచోట్ల పోయాయి కూడా. కానీ ఆ జాతీయకరణ తర్వాతే పల్లెకు బ్యాంకు బోర్డు వచ్చింది. అంతకుముందు అక్కడ ఉన్నది నూటికి మూడు రూపాయల వడ్డీ షావుకారు. దాని మీద ఆ పార్టీ ఏమన్నదో వెతికితే దొరికేది తక్కువ. రాజాజీ 1972లో పోయారు. 1974లో పార్టీ చరణ్ సింగ్ పార్టీలో కలిసిపోయింది. రంగా గారు అప్పటికే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లిపోయారు, తర్వాత గుంటూరు నుంచి ఆ గుర్తు మీదే మూడుసార్లు గెలిచారు. మీ తాతయ్య బిళ్లను పెట్టె అడుగుకు తోసేసింది ఆ రోజేనేమో, నా ఊహ మాత్రమే.

పార్టీ పోయాక రోగం ముదిరింది. 1973-74లో ఆదాయపు పన్ను పైమెట్టు నూటికి 97.75 రూపాయలు. కట్టేవాడు లేడు, రెండో లెక్కల పుస్తకం రాయని వ్యాపారి లేడు. కోర్టు కాదన్నప్పుడల్లా రాజ్యాంగాన్ని సవరించే అలవాటు కూడా ముదిరింది. 1964లో 17వ సవరణ, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే మన రైత్వారీ భూముల్ని సైతం, భూసంస్కరణ కింద సర్కారు తీసుకోదగ్గ 'ఎస్టేట్'లో కలిపినప్పుడు రంగా గారు మొత్తుకున్నారు. అప్పుడది రైతు గొడవే అనుకున్నారు. 1975లో ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టుకోకుండా 39వ సవరణ తెచ్చేసరికి అందరి గొడవా అయింది.

1991 జులైలో దేశం 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. పుస్తె 14 క్యారెట్లకు దిగాలన్న సర్కారు చివరికి తన పుస్తెలే కుదువ పెట్టుకుంది. అదే నెల 24న పద్దెనిమిది పరిశ్రమలు మినహా లైసెన్సులు ఎత్తేశారు. ఎత్తేసిన ప్రధాని తెలుగువాడు, కాంగ్రెస్ వాడు, పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకున్నవాడు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు తలకెత్తుకుని పదవి మీదికి తెచ్చుకున్న పి.వి. నరసింహారావు. కాబట్టి "మా తాత పార్టీ గెలిచింది" అనకండి. గెలవలేదు. మాట మిగిలింది, చేసింది వేరేవాళ్లు. రంగా గారు 1995 దాకా బతికి ఇదంతా చూశారు.

ఇక మీ సభ. ముందు బాబాయి దగ్గరికి ఒంటరిగా వెళ్లండి, కాగితాలు చేతికివ్వండి. వాదించకండి. ఆయన భయం పార్టీ గురించి అయ్యుండదు, తండ్రి ఓడిపోయినవాడిలా నలుగురిలో కనబడతాడేమోనని. పంచదార అర్జీ సంగతి మీ బామ్మో పెద్దత్తయ్యో ఎప్పుడైనా చెప్పుకునే ఉంటారు, ఆయన దగ్గర ఇంకో కథ దొరకొచ్చు. ఒకవేళ అప్పటికీ వద్దంటే, పార్టీ పేరు లేకుండా అర్జీ ఒక్కటే చదవండి. వినేవాళ్లు మిగతాది పూరించుకుంటారు.

నేటి పార్టీల పేర్లు ఎత్తకండి. ఎత్తారా, షామియానా రెండు ముక్కలవుతుంది, భోజనాలు చల్లారిపోతాయి. బావమరిది ఊరుకోడు, ఎన్నికల బాండ్ల మాట తెస్తాడు. మీ వైపు వాళ్లనుకునే ప్రభుత్వమే తెచ్చింది కదా అంటాడు. అవునని ఒప్పుకోండి. ఎవరిచ్చారో జనానికి తెలియకుండా కంపెనీలు ఎంతైనా ఇచ్చుకునే ఆ పద్ధతిని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మంచి పని చేసింది. చాగ్లా 1957లో భయపడింది దాని గురించే. కాంగ్రెస్‌ను కొలిచిన మానికతోనే దాన్నీ కొలవకపోతే, మీ తాతయ్య బిళ్లను పెట్టెలో ఉంచేయడమే మేలు.

మొదలు రసీదుతో పెట్టకండి, అర్జీతో పెట్టండి. "మా తాతయ్య చెల్లెలి పెళ్లికి యాభై కిలోల పంచదార అడిగాడు" అంటే మైకు ముందు ఉన్నవాళ్లు కబుర్లు ఆపి వింటారు. పది కిలోలతో ఆ పెళ్లి ఎలా గడిచిందో, లడ్డూలు వేశారో బెల్లం అరిసెలతో సరిపెట్టారో కనుక్కుని ఆ ముక్క కలపండి. అసలు కాగితం సభకు తీసుకెళ్లొద్దు. అరవై ఏళ్ల మడత, చేతులు మారితే చిరుగుతుంది. జెరాక్స్ తీయించి చదవండి. ఎర్ర సిరా జెరాక్స్‌లో నల్లగా పడుతుంది కాబట్టి, పది అన్న అంకె చుట్టూ మీరే ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి.